ముల్లు ఎర్ర గీత దాటితే

చచ్చిపోయినవాడు కుర్చీలో కూర్చునే చచ్చిపోయాడు. తెల్ల కోటు, తెల్ల టోపీ, ఒళ్లో ఒలికిపోయిన టీ కప్పు. మెడ మీద చీమ కుట్టినంత ఎర్రటి మచ్చ, ఆ మచ్చలో దిగబడిన సన్నటి ఉక్కు సూది. గది బయట ఇద్దరు కాపలావాళ్లు. గది లోపల మాత్రం ఒక బొద్దింక తప్ప మరో ప్రాణి లేదు. దానికి సూదులు విసిరే అలవాటు ఉన్నట్టు డిపార్ట్‌మెంట్ రికార్డుల్లో ఎక్కడా లేదు.

ఏజెంట్ ముందు శవాన్ని చూడలేదు. బొద్దింకను చూశాడు.

"ఛీ!" అన్నాడు.

వెనక నుంచి బూట్ల చప్పుడు వినిపించింది.

"...ఫ్!" అని కలిపేశాడు. "గుడ్ మార్నింగ్, ఛీఫ్!"

ఆ ఒక్క 'ఫ్' వల్లే అతని ఉద్యోగం ఇన్నేళ్లు నిలిచింది. డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని ఏజెంట్ ఛీఛీ అనే పిలిచేవారు. గూఢచారి బతుకంటే సినిమాల్లో చూపించే పూలపాన్పు అనుకుని చేరాడు పాపం. తీరా చేరాక తెలిసింది, మురుగు తూముల్లో పాకాలి, చెత్తకుండీల్లో కాగితాలు ఏరాలి, ఎవడో విప్పేసిన విగ్గు పెట్టుకోవాలి. విగ్గు పెట్టుకున్నాక ఇంక సిగ్గెందుకని మిగతావాళ్లు సర్దుకుపోయారు. అతను సర్దుకోలేకపోయాడు. ఇంట్లో మాత్రం "ఏజెంటుని" అని ఊరుకున్నాడు. ఏ కంపెనీ ఏజెంటో వాళ్లే ఊహించుకున్నారు. సబ్బుల కంపెనీ అట. అప్పటినుంచి ఇంటికి వెళ్లినప్పుడల్లా బజార్లో సబ్బులు కొని, ఫ్రీగా వచ్చాయని అబద్ధమాడి, అక్క చేతిలో పెడుతున్నాడు.

"వీడు ఓడలో వంటవాడు," అన్నాడు ఛీఫ్ శవాన్ని చూపిస్తూ. చూపించింది పెన్సిల్‌తో. అంతకు ముందు అదే పెన్సిల్‌ను చెవిలో తిప్పుకున్నాడు. ఆ తర్వాత దాన్నే నోట్లో పెట్టుకున్నాడు. ఛీఛీ కిటికీ వైపు తిరిగి గాలి పీల్చుకున్నాడు. "సముద్రం అవతల నుంచి వచ్చిన ముఠా మన హార్బర్ ప్లాన్లు కాజేస్తోంది, తెలుసుగా. వాళ్ల నాయకుణ్ని అందరూ 'తాత' అంటారు. తాత మొహం చూసి బతికున్నవాళ్లు ఇద్దరే. ఒకడు వీడు. ఇప్పుడు లేడు."

"రెండోవాడు?"

ఛీఫ్ పెన్సిల్ నోట్లోంచి తీశాడు. "మీ బావ."

ఛీఛీ మొహం చిట్లించాడు. సగం భయం వల్ల, సగం బావ వల్ల.

బావగారు హార్బర్ డ్రాయింగ్ ఆఫీసులో పెద్ద. ఎప్పుడూ తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, గంజి పెట్టి ఇస్త్రీ చేసినవి. ఆయన ఒంటి మీద ముడతలు మొహానికే పరిమితం. ఎవడో ముసలాయన వచ్చి "సార్, మీలాంటి గీత ఇంకే చేతిలోనూ చూడలేదు సార్" అన్నాడట. ఈయన కరిగిపోయి, సముద్రం అడుగున ఎక్కడ ఎంత లోతో అన్నీ పూసగుచ్చినట్టు వివరించాడు. గీతల మనిషి గీత దాటాడు. దేశాన్ని అమ్మలేదు, అంతకన్నా అసహ్యంగా, నాలుగు 'సార్'లకు ఊరికే ఇచ్చేశాడు. ఆ ముసలాయనే తాత అని తెలిశాక సాక్షిగా మారాడు. తాత మొహం ఎలా ఉంటుందో విచారణ కమిషన్ ముందు చెప్పబోతున్నాడు.

"వంటవాడి ఫొటో తీయడానికి మన మేడం అన్నీ సర్దిపెట్టి, కింద టీ తాగడానికి వెళ్లింది," అన్నాడు ఛీఫ్. గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "వచ్చేసరికి ఈ ఘోరం. పాపం ఎంత ఏడ్చిందో! నేనే ఓదార్చి, ఆ కెమెరా, స్టాండు స్వయంగా మోసుకెళ్లి కార్లో పెట్టాను."

"వాటిని ఎవరైనా పరీక్షించారా సార్?"

"ఆవిడ మన మనిషయ్యా! వాళ్ల ముఠాలోకి మనం పంపించిన మనిషి. డబుల్ ఏజెంట్!" ఛీఫ్ జేబులోంచి దువ్వెన తీసి, ఉన్న నాలుగు వెంట్రుకలను ఒక వైపు నుంచి ఇంకో వైపుకు బదిలీ చేశాడు. "రేపు విచారణ హాల్లో మీ బావ కూర్చుంటాడు. నువ్వు నేల తుడిచేవాడి వేషంలో ఉంటావు. గుర్తింపు కార్డుకు ఫొటో కావాలి. మేడం స్టూడియోకి వెళ్లు."

"నేల తుడిచే వేషమా? ఛీ... ఫ్!"

డిపార్ట్‌మెంట్ మెట్లు దిగుతుంటే కింద ఫోన్ మోగింది, సబ్బుల కంపెనీదని చెప్పి ఇంట్లో ఇచ్చిన నంబరు. అక్క.

"ఒరేయ్ తమ్ముడూ, మీ బావని ఎక్కడో దాచారట రా. ఎవరూ ఏమీ చెప్పరు. నువ్వు ఏజెంటువి, నలుగురు పెద్దవాళ్లు తెలుసుంటారుగా. ఎవరినైనా అడగరా."

"అడుగుతాలే అక్కా. ఆయనకేం కాదు."

"ఏమీ కాకూడదు. ఆయన లేకపోతే నేను పొద్దున లేచి ఎవర్ని తిట్టాలి రా?" అంది. నవ్వబోయింది కానీ గొంతు మధ్యలోనే తెగిపోయింది.

ఛీఛీ ఫోన్ పెట్టేసి చేతులు కడుక్కున్నాడు. బావను తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. అక్క గొంతు తలుచుకుంటే ఆ మంట ఎటుపోతుందో తెలియదు.

*

స్టూడియో అంతా పుల్లటి మందు వాసన. తీగలకు తడి ఫొటోలు వేలాడుతున్నాయి, వాటిలో జనం నీళ్లు కారుతూ నవ్వుతున్నారు. అద్దం పక్కన దారంతో కట్టిన దువ్వెన ఉంది. ఊళ్లో అందరి తలల జ్ఞాపకాలూ దాని పళ్ల మధ్య భద్రంగా ఉన్నాయి. ఛీఛీ దాని నుంచి వీలైనంత దూరంగా నిలబడ్డాడు.

"పాస్‌పోర్టు ఫొటో కావాలి. నవ్వుతూ." ఇది కోడ్.

తెర వెనక నుంచి మేడం వచ్చింది. ఎర్రటి గోళ్లు, ఎర్రటి పెదవులు, మధ్యలో తెల్లటి నవ్వు. ఛీఫ్ ఎందుకు తల దువ్వుకున్నాడో అర్థమైంది.

"నవ్వితే పాస్‌పోర్టు రాదండీ, పెళ్లి సంబంధం వస్తుంది."

"ఏడిస్తే?"

"గుర్తింపు కార్డు వస్తుంది. కూర్చోండి."

కూర్చున్నాడు. ఆమె అరచేతిలో పట్టే చిన్న డబ్బా తెచ్చి అతని గడ్డం కింద పెట్టింది. డబ్బా మీద సగానికి కోసిన బంతిలా తెల్లటి బుడిపె.

"ఇదేంటండీ? దగ్గు చూస్తారా?"

"లైట్ మీటర్. మీ మీద ఎంత వెలుగు పడుతుందో చెబుతుంది. దాన్ని బట్టి కెమెరా కన్ను ఎంత తెరవాలో, ఎంతసేపు తెరవాలో చూసుకుంటాం."

"ఈ రోజుల్లో కెమెరాలోనే మీటర్ ఉంటుందిగా?"

ఆమె మొహం పెట్టింది. అచ్చం తను బొద్దింకను చూసి పెట్టే మొహం. లోకంలో తనలా అసహ్యించుకోగల మనిషి ఇంకొకరున్నారని ఛీఛీకి మొదటిసారి తెలిసింది. చొక్కా కాలరు సర్దుకున్నాడు.

"అది ఒట్టి వెర్రిబాగుల్ది," అంది. "ఈ బంతి మీ మీద పడే వెలుగును కొలుస్తుంది. కెమెరాలో ఉండేది మీ మీద పడి తిరిగొచ్చే వెలుగును కొలుస్తుంది."

"రెండూ ఒకటే కదండీ?"

"ఎలా అవుతాయి? తెల్ల చొక్కా వెలుగును తిప్పి కొడుతుంది. నల్ల కోటు మింగేస్తుంది. గదిలో దీపం అదే, కూర్చున్న మనిషీ అతనే. కానీ కెమెరా మీటర్ తెల్ల చొక్కాను చూస్తే అమ్మో ఎంత ఎండ అనుకుంటుంది, ముల్లు పైకి లేస్తుంది. నల్ల కోటును చూస్తే అయ్యో పొద్దుగూకింది అనుకుంటుంది, ముల్లు కిందికి పడిపోతుంది. లోకమంతా బూడిదరంగులో ఉంటుందని దానికో పిచ్చి నమ్మకం. తెల్ల పిల్లిని చూపించినా, నల్ల పిల్లిని చూపించినా, అది చెప్పినట్టు తీస్తే రెండూ బూడిద పిల్లులే. అందుకే దాన్ని జన్మలో నమ్మను. రాజైనా బంటైనా, నా కెమెరా ముందు కూర్చుంటే గడ్డం కిందికి ఈ డబ్బా రావాల్సిందే."

అని మళ్లీ డబ్బా చూసుకుని, కెమెరా మీద ఏవో తిప్పి, క్లిక్‌మనిపించింది. ఛీఛీ బయటికి వచ్చాక గానీ తెలియలేదు, తను ఇంతసేపూ నవ్వుతూనే ఉన్నాడని. తన మీద తనకే అసహ్యం వేసింది.

*

విచారణ హాలు నేల మీద ఏ కాలం నాటివో మరకలు. ఎవరో చూయింగ్ గమ్ నమిలి కుర్చీల కింద అంటించారు. ఇంకెవరో దాన్ని పీకబోయి మధ్యలో విరమించుకున్నారు. ఛీఛీ నల్లటి నీళ్ల బకెట్‌లో గుడ్డ ముంచుతూ, పిండుతూ, తుడుస్తూ, ప్రపంచంలోని సమస్త గూఢచారి సంస్థలనూ మనసులో తిట్టుకుంటున్నాడు. పై పెదవి మీద పెట్టుడు మీసం దురద పెడుతోంది. మీసంతో చేసే మోసం ఇది. అందులోంచి పాత యజమాని ముక్కుపొడుం వాసన వస్తోంది.

హాలు మధ్యలో నల్ల తోలు కుర్చీ. సాక్షి కూర్చునేది అందులోనే. దానికి ఎదురుగా స్టాండు మీద కెమెరా. సాక్షి కూర్చోగానే రికార్డు కోసం ఒక ఫొటో తీయడం కమిషన్ నిబంధన. సెక్యూరిటీవాళ్లు కెమెరా వెనక మూత తెరిచి చూశారు. లోపల ఫిల్మ్ ఉంది. మూసేశారు. తుపాకీ వెతికేవాళ్లు తుపాకీ ఆకారం కోసమే చూస్తారు.

మేడం కెమెరాను కుర్చీ వైపు సర్దింది. "దయచేసి ఎవరూ కర్టెన్లు కదపకండి. దీపాలు ఇలాగే ఉండనివ్వండి," అంది. "నేను కిందికి వెళ్లి ఇంకో ఫిల్మ్ రోల్ తెచ్చుకుంటాను."

"నేను మనిషిని పంపిస్తానుగా," అన్నాడు ఛీఫ్.

"అయ్యో, మీకెందుకండీ శ్రమ!" అంటూ వెళ్లిపోయింది. ఆ సెంటు వాసన వెనకాలే ఛీఫ్ ముక్కు తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

ఛీఛీ తుడుచుకుంటూ తుడుచుకుంటూ స్టాండు దగ్గరికి వచ్చాడు. కెమెరా లెన్సు పైన తేనెతుట్టె గళ్లలా ఒక గాజు పలక. అది మీటర్ కన్ను. కెమెరా నెత్తిన చిన్న అద్దం కిటికీ, అందులో సన్నటి ముల్లు. ముల్లుకు కాస్త అవతల, అద్దం మీద ఒక ఎర్ర గీత.

ఆ ఎరుపు ఎక్కడో చూశాడు. పెయింటు కాదు. గోళ్ల రంగు.

ఇంతలో కుర్చీ గట్టిదో కాదో చూస్తానంటూ ఛీఫ్ వచ్చి అందులో కూర్చున్నాడు. నల్ల సూటు, నల్ల కుర్చీ. ముల్లు కింద ఎక్కడో పడుకుని ఉంది. ఛీఫ్ కాలు మీద కాలు వేసుకుని, జేబులోంచి దుప్పటంత తెల్ల చేతిరుమాలు తీసి మొహానికి అడ్డంగా పరిచి, హాలు దద్దరిల్లేలా చీదాడు.

ఛీఛీ అసహ్యంతో చూపు తిప్పుకున్నాడు. తిప్పుకున్న చూపు ముల్లు మీద పడింది.

ముల్లు లేచింది. ఎర్ర గీతకు వెంట్రుకవాసి దూరం దాకా వెళ్లి వణికింది. రుమాలు జేబులోకి వెళ్లగానే కిందికి పడింది.

దీపాలు అవే. కిటికీ అదే. పెరిగింది వెలుగు కాదు, తెలుపు.

ఛీఛీ చేతిలో గుడ్డ ఆగిపోయింది. రాజైనా బంటైనా గడ్డం కింద డబ్బా పెట్టే మనిషి, ఇవాళ కుర్చీ దగ్గరికి డబ్బా తీసుకురానే లేదు. జన్మలో నమ్మనన్న మీటర్‌ను కుర్చీకి ఎదురుగా నిలబెట్టి, తను బయటికి పోయింది. నిన్న వంటవాడు చచ్చినప్పుడు కూడా ఇలాగే బయటికి పోయింది. వంటవాడు వేసుకున్నది తెల్ల కోటు. లెన్సు పక్కన ఫ్లాష్ వైరు గుచ్చే చిన్న రంధ్రం ఉంది. వంగి చూశాడు. ఆ రంధ్రంలో వైరుకు బదులు, మెరుస్తున్న సూది మొన.

ఈ ముల్లు ఆ ఎర్ర గీతను తాకితే, ఆ సూది బయల్దేరుతుంది.

కెమెరాను పక్కకు తిప్పుదామా? కిటికీ వైపు తిరిగితే ఎండకు ముల్లు ఎగిరి పడుతుంది, సూది ఎవరికి తగులుతుందో తెలియదు. కదిపితేనే పేలుతుందేమో కూడా తెలియదు. ఛీఫ్‌తో చెప్పడమే మేలని బకెట్ తీసుకుని పరుగులాంటి నడకతో హాలు అవతలికి వెళ్లాడు. ఛీఫ్ అప్పటికే లేచి కమిషన్ జడ్జిగారికి నమస్కారం పెడుతున్నాడు.

తలుపు తెరుచుకుంది. బావగారు లోపలికి వచ్చారు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు. ఇన్ని రోజులు దాక్కున్నా గంజి తగ్గలేదు. హాలుకే కళ్లు జిగేల్‌మన్నాయి.

"బావగారూ! కూర్చోకండి!" అని అరిచాడు ఛీఛీ.

బావగారు ఆగి, కళ్లజోడు సర్దుకుని, మీసం కింద మనిషిని గుర్తుపట్టారు.

"ఏమోయ్, నువ్వా? ఇక్కడ గుడ్డలు పిండుతున్నావా? మీ అక్కకి తెలుసా?"

"తర్వాత చెప్తాను, ముందు ఆ కుర్చీలో కూర్చోకండి!"

"నువ్వెవరయ్యా నాకు చెప్పడానికి? పెళ్లయినప్పటినుంచి చూస్తున్నాను, నేను ఏం చేయబోయినా నీకు అడ్డే!" అంటూ, వద్దన్నాడు కాబట్టే మరింత పట్టుదలగా కుర్చీ వైపు నడిచారు. ప్యాంటు ముడత పడకుండా మోకాళ్ల దగ్గర రెండు వేళ్లతో పైకి లాక్కున్నారు. నడుం వంచారు.

అక్క గొంతు ఎక్కడ తెగిందో అక్కడి నుంచే మళ్లీ వినిపించింది ఛీఛీకి.

బకెట్‌లో చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా. ఆ నల్లటి, జిగటగా, వెంట్రుకలూ చూయింగ్ గమ్మూ తేలుతున్న నీళ్లలో. జీవితంలో మొదటిసారి 'ఛీ' అనడానికి తీరిక లేకపోయింది. గుడ్డను దొరకబుచ్చుకుని, పిండకుండా, ఉన్న బలమంతా పెట్టి విసిరాడు.

గుడ్డ హాలంతా నల్ల వర్షం కురిపిస్తూ ఎగిరింది. జడ్జిగారి బల్ల మీద ఒక జల్లు, ఛీఫ్ నెత్తి మీద ఒక జల్లు, బావగారి చొక్కా మీద కుండపోత. ఆఖరికి థప్‌మని వెళ్లి కెమెరా మొహానికి అతుక్కుంది. మీటర్ కన్ను మూసుకుంది. ఎర్ర గీత అంచు దాకా వచ్చిన ముల్లు తెగిన గాలిపటంలా కిందికి రాలింది.

బల్ల అంచు నుంచి నీటి బొట్లు టప్ టప్‌మంటున్నాయి.

"ఏం పనయ్యా ఇది!" ఛీఫ్ గర్జించాడు. నాలుగు వెంట్రుకలూ నాలుగు దిక్కులకు అతుక్కున్నాయి.

"బావగారూ, మీరు లేచి గోడ పక్కకు రండి. అందరూ అవతలికి!" ఛీఛీ స్టాండును నెమ్మదిగా ఎవరూ లేని ఇంకో తెల్ల గోడ వైపు తిప్పాడు. తను కెమెరా వెనక్కి వెళ్లి, గుడ్డ అంచు పట్టుకుని లాగేశాడు.

టక్.

గోడలో మనిషి మెడ ఎత్తున ఉక్కు సూది దిగబడి ఊగుతోంది.

"వెలుగు పడితే ఆ గాజు పలకలో కరెంటు పుడుతుంది సార్," అన్నాడు ఛీఛీ. "బ్యాటరీ అక్కర్లేదు, గడియారం అక్కర్లేదు. కరెంటు ముల్లును తోస్తుంది. ముల్లు గీత దగ్గరికి వస్తే లోపల కొక్కెం ఊడుతుంది. మీరు నల్ల సూటులో కూర్చుంటే ఊడలేదు. రుమాలు ఇంకొంచెం పెద్దదైతే ఊడేది."

ఛీఫ్ జేబులోంచి రుమాలు తీసి, దాన్ని పాము పిల్లను చూసినట్టు చూసి, కింద పడేశాడు. "అంటే నిన్న నేను... ఆ కెమెరాని కారు దాకా మోసింది..."

"హంతకుణ్ని ఎత్తుకుని సాగనంపారు సార్."

సరిగ్గా అప్పుడే తలుపు భళ్లున తెరుచుకుంది. మేడం. చేతిలో కొత్త ఫిల్మ్ రోల్, కళ్ల నిండా నీళ్లు.

"అయ్యో! ఇంత ఘోరం జరిగిపోయిందా! ఎంత మంచి మనిషి! నేనిలా వెళ్లేసరికి..." అని రెండు చేతులతో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఎవరమ్మా పోయింది?" అన్నారు బావగారు గోడ పక్క నుంచి.

ఏడుపు ఆగింది. ఎర్రటి గోళ్ల సందుల్లోంచి ఒక కన్ను బయటికి చూసింది. ముందు బావగారిని చూసింది. తర్వాత గోడలో ఊగుతున్న సూదిని. చివరికి తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ కాపలావాళ్లను. అన్ని వెలుగులూ కొలవగలిగిన మనిషి, ఏడుపు ఎప్పుడు మొదలుపెట్టాలో మాత్రం కొలుచుకోలేకపోయింది.

"మీరా పట్టించింది?" అంది ఛీఛీతో, బేడీలు పడుతుంటే. "నిన్న ఎంత బాగా నవ్వారు."

"అందుకేనండీ నాకింత అసహ్యంగా ఉంది," అన్నాడు ఛీఛీ. నిజమే చెప్పాడు.

బావగారు తాత మొహం గురించి చెప్పారు. చెప్పడమేమిటి, కాగితం అడిగి పుచ్చుకుని గీసేశారు. మురికినీళ్లు కారుతున్న చేత్తోనే, కంటి కింది పులిపిరితో సహా. ఆ మనిషి గీత గురించి ముసలాడు చెప్పింది మాత్రం అబద్ధం కాదు. బొమ్మ ఎండేలోపే తాతను ఓడల కంపెనీ ఆఫీసులో, టికెట్ కోసం వరసలో నిలబడి ఉండగా పట్టుకున్నారు. ముఠాలో మిగిలినవాళ్లు ఒకరి పేరు ఒకరు చెప్పుకునే పోటీలో పడ్డారు. ఆ పోటీ చూడడం కూడా అసహ్యంగానే ఉంది.

ఆఖరికి కబురందుకుని అక్క వచ్చింది. చేతిలో ఇస్త్రీ చేసిన ఇంకో తెల్ల చొక్కా. బావగారిని చూసి, దగ్గరికి వచ్చి, చెంప మీద మురికి కొంగుతో తుడిచి, ఏమీ అనలేకపోయింది. తర్వాత అన్నీ అంది.

"ఇదేం చొక్కా? ఇది మనుషులు వేసుకునే చొక్కాయేనా? ఇది నేను ఉతకాలా?"

"మీ తమ్ముణ్ని అడుగు," అన్నారు బావగారు. ఎంత కాదనుకున్నా ఆ గొంతులో కృతజ్ఞత లాంటిదేదో ఉంది. దాన్ని వెంటనే మింగేసి చొక్కా మార్చుకోవడానికి వెళ్లిపోయారు.

అక్క ఇటు తిరిగింది. సగం ఊడిన మీసం, చేతిలో బకెట్, భుజం మీద గుడ్డ.

"ఒరేయ్! సబ్బుల కంపెనీ అన్నావు!"

ఛీఛీ ఛీఫ్ వైపు చూశాడు. రహస్యం బయటపెట్టవద్దన్నట్టు ఛీఫ్ తల అడ్డంగా ఊపాడు.

"కంపెనీ... మారాను అక్కా."

అక్క హాలంతా ఒకసారి చూసింది. నల్ల జల్లు పడని చోట నేల అద్దంలా మెరుస్తోంది. ఆమె కళ్లు కూడా మెరిశాయి.

"ఇంత శుభ్రంగా తుడవడం వచ్చని ఇన్నేళ్లు చెప్పలేదేం రా? ఆదివారం ఇంటికి రా. స్టోర్ రూమ్ ఒకటి ఉంది, లోపలికి పోవాలంటే నాకే భయం."

శత్రుదేశం కడుపులోంచి రహస్యాలు లాగగల డిపార్ట్‌మెంట్ అది. కానీ ఆ ఆదివారం నుంచి తమ ఏజెంటును తప్పించే ఉపాయం మాత్రం అక్కడెవరికీ తట్టలేదు.